రెక్క తాకకుండా తీసే చిత్రం

సీతాకోకచిలుక శీతరక్త జీవి. రాత్రి చల్లబడిన దేహం ఎండ సోకి వేడెక్కితే గాని ఎగరలేదు. అందువల్ల ప్రొద్దెక్కే వేళ ఆకులపై రెక్కలు పరచి కదలక కూర్చుంటుంది. దగ్గరనుంచి ఫోటో తీయగోరేవారికి అదే అనువైన సమయం. మిట్టమధ్యాహ్నం దాని వెంట పరుగెత్తితే చెమట తప్ప మిగిలేదేమీ ఉండదు.

దాని కంటికి కదలిక చప్పున అందుతుంది. కనుక వంగి, ఆగి ఆగి ముందుకు సాగాలి. మన నీడ దానిపై పడరాదు. సుమారు 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఉంటే మూరెడు దూరంనుంచే చిత్రం నిండుగా వస్తుంది. అంత దగ్గరలో స్పష్టంగా పడే లోతు కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి కెమెరాను రెక్కకు సమాంతరంగా పట్టుకోవాలి.

కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక సదరన్ బర్డ్‌వింగ్ మాత్రం ఇంత సులభంగా చిక్కదు. పడమటి కనుమల్లో చెట్ల కొసలపై ఎగురుతుంది. పూలకు దిగివచ్చినా రెక్కలాడిస్తూనే మధువు తాగుతుంది. దానికి షట్టరు వేగం సెకనులో వెయ్యవ వంతైనా ఉండాలి. ఓర్పు అంతకంటే ఎక్కువ ఉండాలి.

బెంగళూరు పరిసరాల్లో కనబడే క్రిమ్సన్ రోజ్ సంగతి వేరు. దాని గొంగళిపురుగు ఈశ్వరి తీగను తిని పెరుగుతుంది. ఆ తీగలోని విషం దేహంలో చేరడంవల్ల, ఒకసారి రుచి తెలిసిన పక్షి మళ్ళీ దాని జోలికి పోదు. అందుకే అది నింపాదిగా ఎగురుతుంది. కామన్ మోర్మన్ ఆడవాటిలో ఒక రకం, విషం లేకున్నా, అచ్చం దాని వేషమే వేస్తుంది. దేహం ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మోర్మన్. రెక్కలను మాత్రమే తీసినవారు అరుదైనది దొరికిందని భ్రమపడుతుంటారు.

ఆ మోర్మన్ గుడ్లు పెట్టేది నిమ్మ, కరివేపాకు మొక్కలపైన. ఏ ఊరు చేరినా కుండీలో కరివేపాకు పెంచుకొనే మనవారికి ఇదొక సదుపాయం. పక్షిరెట్టను పోలిన ఆ చిన్న పురుగులను దులిపివేయక నాలుగాకులు వదిలిపెడితే, అడవికి పోకముందే ఇంటివద్ద సాధన చేసుకోవచ్చు.

కొందరు సీతాకోకచిలుకను పట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారిన దానిని పువ్వుపై కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. ఇది క్రూరత్వమే. వేళ్ళు తగిలితే రెక్కలపై పొలుసులు రాలిపోతాయి; అవి తిరిగి మొలవవు. గూటినుంచి అప్పుడే వెలువడి తలకిందుగా వేలాడేదాని రెక్కలు మెత్తగా ఉంటాయి. అప్పుడు కొమ్మ కదిపి కింద పడవేస్తే అవి ముడుచుకొనే ఎండిపోవచ్చు; ఇక అది ఎగరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలోని సీతాకోకచిలుకలను పట్టడం నేరం కూడా.

రెక్కల పైభాగంతోపాటు అడుగుభాగాన్నీ తీయండి. చిన్న నీలి జాతులను నిపుణులు గుర్తించేది చాలావరకు అడుగున ఉన్న చుక్కలనుబట్టే. తేదీ, ప్రదేశం జతచేసి బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వంటి వేదికకు పంపితే ఆ చిత్రం పరిశోధకులకు ఆధారమవుతుంది. అరుదైనదానిని వాట్సాప్ బృందాల్లో పంచుకొనేటప్పుడు మాత్రం చోటు చెప్పకండి. పట్టి అమ్ముకొనేవారూ ఆ సందేశాలు చదువుతారు. రక్షిత అడవిలో అడుగుపెట్టేముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. కెమెరాకు వేరే రుసుము ఉన్నదేమో ద్వారంవద్దనే అడిగి తెలుసుకోండి.