నౌపడ జంక్షన్‌లో ఏ ఏడాది?

మోడల్ రైల్వేకు కాలానికి తగిన ఇంజన్లు, పెట్టెలు ఎంచుకోవడం ఎలా? ఉత్తరాంధ్ర పట్టాల మీద ఒక పరిశీలన

మోడల్ రైల్వేలో పట్టాలు పరచడానికి ముందే తేల్చుకోవలసింది ఏడాది. ఏ ఊరి స్టేషనో, ఏ ఏడాదో ఖాయమైతే ఇంజను, పెట్టెలు, గూడ్సు బండ్లు, వాటి రంగులు, వాటి మీది అక్షరాలు ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి. ఏడాది తేల్చుకోకుండా నచ్చిన బండినల్లా కొంటూ పోతే ఆవిరి ఇంజను వెనక ఎర్రటి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చి చేరతాయి. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల మామూలు సర్వీసు 1995 డిసెంబరులో ముగిసింది. ఎల్‌హెచ్‌బీ పెట్టెలు జర్మనీ నుంచి మొదట దిగింది 2000 నాటికి. ఆ రెండూ ఏ స్టేషన్‌లోనూ రోజువారీ బండిగా కలిసి నిలవలేదు. ‘పాతకాలం’ అంటే సరిపోదు. 1925 పాతదే, 1965 పాతదే. ఆ రెండింటి మధ్య పెట్టె ఒళ్లే చెక్క నుంచి ఉక్కుకు మారిపోయింది.

ఐరోపాలో ఈ పని కొంత తేలిక. అక్కడి మోడల్ రైల్వే సంఘాల సమాఖ్య మోరోప్, కాలాన్ని రోమన్ అంకెలతో యుగాలుగా విడగొట్టి ప్రమాణాలు ప్రచురించింది. అట్టపెట్టె మీద ‘మూడో యుగం’ అని ఉంటే కొనేవారికి దాని కాలం తెలిసిపోతుంది. మన రైల్వేకు సరిపోయేలా అలాంటి విభజన ఏదీ స్థిరపడలేదు. అందుకని స్థానికంగా జరిగిన మార్పులనే హద్దురాళ్లుగా పెట్టుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ పనికి నౌపడకు మించిన చోటు లేదు. హౌరా–మద్రాసు బ్రాడ్‌గేజ్ మార్గం, పర్లాకిమిడి వైపు వెళ్లే రెండున్నర అడుగుల నారోగేజ్ అక్కడ కలిసేవి. ఒకే యార్డులో రెండు కొలతల పట్టాలు, చుట్టూ ఉప్పు మడులు, చిన్న ఇంజను, నాలుగైదు పెట్టెలు. గదిలో ఒక గోడ వారగా పట్టే స్టేషన్ అది.

చరిత్ర క్లుప్తంగా ఇదీ. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ దాకా 1893–96 మధ్య పడింది. తన రాజధానిని దానికి కలపాలని పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి పూనుకుని సుమారు 7 లక్షల రూపాయలతో వేయించిన 40 కిలోమీటర్ల దారి 1900 ఏప్రిల్ 1న మొదలైంది. 1902 నుంచి నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1929లో, 1931లో రెండు విడతలుగా పొడిగించాక దారి గుణుపురం చేరి 90 కిలోమీటర్లయింది. బీఎన్ఆర్‌ను 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా విడిపోయింది. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే పని మొదలుపెట్టింది. 2004 జూన్ 9న నారోగేజ్ ఆగింది. బ్రాడ్‌గేజ్‌గా మారి 2010 ఆగస్టులో పర్లాకిమిడికి, మరుసటి ఏడాది గుణుపురానికి బండి నడిచింది.

ఈ తేదీల్లో నమూనా కట్టేవారికి అన్నిటికన్నా విలువైనవి రెండు: 2003లో జోన్ మారిన రోజు, 2004లో నారోగేజ్ ఆగిన రోజు. తూర్పు కోస్తా రైల్వే పేరు కింద నౌపడ నారోగేజ్ నడిచింది పద్నాలుగు నెలలకు కాస్త పైన, అంతే. 2003 వేసవిలోని నౌపడను నమూనాగా కడితే చిన్న పెట్టెల మీద ఏ రైల్వే పేరు రాయాలి? కాగితం ప్రకారం తూర్పు కోస్తా. పెట్టె ప్రకారం చూస్తే జవాబు వేరు. జోన్ మారిన తెల్లవారే ఎవరూ కుంచె పట్టుకుని బండి బండికీ తిరగరు. వర్క్‌షాపుకు పెద్ద మరమ్మతుకు వెళ్లినప్పుడు రంగు పడుతుంది, దాంతోపాటే కొత్త అక్షరాలు వస్తాయి. కాబట్టి అధికారపు తేదీ ఒకటి, రంగు తేదీ మరొకటి. ఈ రెండింటి మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు జరుగుతాయి. ఆ ఏడాది రేకులో, అంటే ఒకే బండిగా కూర్చిన పెట్టెల వరసలో, ఎక్కువ పెట్టెల మీద ఆగ్నేయ రైల్వే అక్షరాలే ఉంచి, ఒకటి రెండిటికి మాత్రమే కొత్త పేరు పెట్టడం న్యాయం. అన్నిటికీ కొత్త పేరు రాస్తే తేదీ సరిపోతుంది, బండి తప్పుతుంది.

అందుకే కాలం ఎంచుకోవడంలో అసలైన పత్రం పెట్టె ఒంటి మీదే ఉంటుంది. దాన్ని చదవడం విజయనగరం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇటీవలి దశాబ్దాల పెట్టెకు పక్కన అయిదంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు తయారైన ఏడాది. తరవాతి మూడు ఆ పెట్టె రకం చెబుతాయి: 201 నుంచి 400 వరకు స్లీపర్, 401 నుంచి 600 వరకు జనరల్. 94213 అని ఉంటే 1994లో తయారైన స్లీపర్ అన్నమాట. నమూనా ఏడాది 1992 అనుకుంటే ఆ పెట్టెకు అందులో చోటు లేదు. రంగు, కిటికీలు, చక్రాలు ఎంత బాగా కుదిరినా సరే. కొనేముందు భూతద్దం పెట్టి చూడవలసిన మొదటి చోటు అదే.

పెట్టె చివరి గోడ ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. బోగీల మధ్య దారి పక్కన, నిచ్చెన మెట్ల దగ్గర చిన్న అక్షరాల్లో కొన్ని వరసలుంటాయి. ఏ వర్క్‌షాపులో చివరిసారి పూర్తి మరమ్మతు జరిగిందో, ఏ తేదీన జరిగిందో, మళ్లీ ఎప్పటికి వెనక్కి రావాలో అక్కడ రాస్తారు. తూర్పు కోస్తా బండ్లకు భువనేశ్వర్ పక్కనున్న మంచేశ్వర్ వర్క్‌షాపు పేరు తరచూ కనిపిస్తుంది. ఆ వర్క్‌షాపు 1980లలో వచ్చింది కాబట్టి, 1970ల నమూనా పెట్టె మీద ఆ పేరు రాయకూడదు. అసలు బండిలో 87వ వంతు ఉండే 1:87 నమూనాలో ఈ వరసల ఎత్తు మిల్లీమీటరు కూడా ఉండదు. అయినా సరిగ్గా రాసిన నమూనాను కెమెరాతో దగ్గరగా తీస్తే ఆ రెండు తేదీలే బొమ్మను బండిగా మారుస్తాయి.

సంఖ్య ఇంకో సంగతి కూడా పట్టిస్తుంది. ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) పెట్టెకు రైల్వే లెక్కలో ఆయుష్షు 25 ఏళ్లు. అంటే 2003 నాటి రేకులో 78తో మొదలయ్యే సంఖ్య నుంచి 03 దాకా ఏదైనా ఉండవచ్చు. దుకాణంలో అమ్మే సెట్లలో అన్ని పెట్టెలూ ఒకే ఏడాదివిగా, ఒకే మెరుపుతో ఉంటాయి. అలాంటి రేకు నిజమైన పాసింజరు బండిలో కనిపించడం అరుదు. వయసులు కలిసి ఉండాలి. కొత్తగా రంగు పడ్డదాని పక్కన వెలిసిపోయినది ఉండాలి. ఏడాదికి తగిన బండ్లు అంటే ఆ ఏడాదిలో తయారైనవి కాదు. ఆ ఏడాదికి బతికున్నవి.

ఒంటి రూపు విషయానికొస్తే పెద్ద హద్దు 1955. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నుంచి మొదటి ఉక్కు పెట్టె ఆ ఏడాది అక్టోబరులో బయటికొచ్చింది. అంతకు ముందు విజయనగరంలో ఆగిన మెయిలు బండికి ఐసీఎఫ్ పెట్టె తగిలించరాదు. 1974లో మూడో తరగతి రద్దయింది. అంతకు ముందటి నమూనాలో తలుపు పక్కన మూడో తరగతి గుర్తు ఉండి తీరాలి. వాక్యూమ్ బ్రేకు ఉన్న ఐసీఎఫ్ పెట్టెలు ముదురు ఎరుపు రంగువి. 1990ల రెండో సగం నుంచి ఎయిర్ బ్రేకు పెట్టెలు నీలం రంగుకు మారుతూ వచ్చాయి. రంగు మార్చి వదిలేస్తే చాలదు. వాక్యూమ్ బండి చివర ఒకటే లావుపాటి గొట్టం. ఎయిర్ బ్రేకు బండికి రెండు సన్నని గొట్టాలు, వాటి మూతల్లో ఒకటి ఆకుపచ్చ, ఒకటి తెలుపు. నీలం పెట్టెకు లావు గొట్టం తగిలించిన నమూనాలు చాలానే తిరుగుతున్నాయి. అర సెంటీమీటరు తీగతో సరిదిద్దగల లోపం కాబట్టి దాన్ని వదిలేయడానికి సాకు లేదు.

ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు కూడా కాలమే చెబుతుంది. ఐసీఎఫ్ ఒళ్లు 21,337 మి.మీ., ఎల్‌హెచ్‌బీ 23,540 మి.మీ. 87తో భాగిస్తే 245, 271 మి.మీ. వస్తాయి. ఒక్కో పెట్టెకు అంగుళం తేడా. పది పెట్టెల రేకుకు పాతిక సెంటీమీటర్లు. ప్లాట్‌ఫాం పొడవు, మలుపు వంపు ఆ లెక్కతోనే తేల్చాలి.

ఇంజన్ల వంతు ఆఖరున రావడం మంచిది. అందరూ మొదట కొనేది ఇంజనే, కాలం తప్పేదీ అక్కడే. హౌరా–మద్రాసు మార్గానికి డబ్ల్యూపీ ఆవిరి ఇంజను పెట్టాలంటే నమూనా ఏడాది 1947 తరవాతిది కావాలి. ఆ తరగతి మొదటి ఇంజన్లు అప్పుడే అమెరికా నుంచి దిగాయి. గూడ్సుకు డబ్ల్యూజీ 1950 నుంచి. డబ్ల్యూడీఎం–2 డీజిల్ 1962 తరవాత. దీని పొడవు 17,120 మి.మీ., నమూనాలో 197. తీగలున్న నమూనా కట్టేవారు గమనించవలసింది: హౌరా–చెన్నై మార్గం మొత్తం విద్యుదీకరణ పూర్తయింది 2005 నాటికి. అంతకన్నా చాలా ముందు సంవత్సరం ఎంచుకుని నౌపడ మీద తీగలు లాగకూడదు. నారోగేజ్ వైపు బీఎన్ఆర్ నాటి పీఎల్ తరగతి ఆవిరి ఇంజన్లు చాలాకాలం నడిచాయి. చివరి ఏళ్లు డీజిల్‌వి. ఆవిరి ఎంచుకుంటే నీళ్ల గొట్టం, బొగ్గు కుప్ప, బూడిద గుంత కూడా యార్డులోకి వస్తాయి. డీజిల్ వచ్చాక అవి పాడుబడినట్టు చూపడం మరింత నిజం.

గూడ్సు బండ్లకు 1980లే హద్దు. అంతకు ముందు నాలుగు చక్రాల మూత వ్యాగన్లు, స్క్రూ కప్లింగు, చివర గార్డు పెట్టె. ఆ దశాబ్దంలో బాక్స్‌ఎన్ లాంటి ఎయిర్ బ్రేకు వ్యాగన్లు వచ్చాయి. వాటికి బఫర్లు ఉండవు. నౌపడలో ఉప్పు కోసం మూత వ్యాగన్లే పెట్టాలి, అదీ నాలుగు చక్రాలవి అయితేనే నారోగేజ్ పక్కన అందం. గేజ్ మారే చోట సరుకు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి కూలీలు మోయవలసిందే. ఆ పనికి రెండు పట్టాల మధ్య ఒక గట్టు కడితే ఈ స్టేషన్ పుట్టుకకు కారణమే నమూనాలో కనబడుతుంది. ఇప్పటి వ్యాగన్ల మీద పదకొండంకెల సంఖ్య ఉంటుంది: మొదటి రెండు రకం, తరవాతి రెండు యజమాని రైల్వే, అయిదు ఆరు అంకెలు తయారైన ఏడాది. పెట్టె సంఖ్యలాగే దీన్నీ కాలానికి పరీక్షగా వాడుకోవచ్చు.

నౌపడ నారోగేజ్ పెట్టెలు కావాలంటే చేత్తో చేసుకోవలసిందే. ఆస్ట్రియాలో 760 మి.మీ. పట్టాల రైళ్లున్నాయి. మన 762కూ దానికీ రెండు మి.మీ. తేడా. అక్కడి నమూనాల అడుగుభాగం, మోటారు పనికొస్తాయి. ఒళ్లు పనికిరాదు: మంచు దేశపు అద్దాల కిటికీలు ఎక్కడ, ఊచలూ చెక్క షట్టర్లూ ఎక్కడ? పలకల నుంచి ఒళ్లు కోసుకోవాలి. బాయిలరు, నీళ్ల ట్యాంకు లాంటి గుండ్రటి భాగాలకు ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర మంచి సరుకు. మెత్తగా, సన్నని పొరతో తరిణి మీద శుభ్రంగా తిరుగుతుంది.

కొలతల లెక్క

1:87 నమూనాలో మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. అంటే 19.3 మి.మీ. రావాలి. దుకాణంలో దొరికే హెచ్ఓ పట్టా 16.5, దాదాపు మూడు మి.మీ. ఇరుకు. నారోగేజ్ 762 అంటే 8.8 మి.మీ.; దొరికేది 9, దాదాపు సరిపోతుంది. రెండూ పక్కపక్కన వేస్తే నారోగేజ్ ఉండవలసినదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. నౌపడలో ఈ పోలికే ప్రాణం కాబట్టి, ఓపికున్నవారు బ్రాడ్‌గేజ్ పట్టా చేత్తో వేసుకోవడం మేలు. 40 కిలోమీటర్ల దారి మొత్తం కట్టాలంటే 460 మీటర్లు కావాలి. అందుకే యార్డు ఒక్కటే.

బోర్డులు

శ్రీకాకుళానికి దగ్గరి స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. ఇప్పుడు దాని పేరు శ్రీకాకుళం రోడ్. బ్రిటిషు కాలపు నమూనాలో చికాకోల్ రోడ్ అని రాయాలి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో; గోడల మీది ప్రకటనలు, కార్యాలయాల పేర్లు రాసేటప్పుడు ఈ తేదీలు చూసుకోవాలి.

కొత్తవలస, సాలూరు

విజయనగరం జిల్లాలోని కొత్తవలస నుంచి బైలడిలా ఖనిజం కోసం వేసిన కిరండూల్ మార్గం 1980ల మొదట్లోనే విద్యుదీకరణ పూర్తి చేసుకుంది. దాని మీద స్వీడన్, జపాన్ ఇంజన్లు డబ్ల్యూఏజీ–6 నడవాలంటే నమూనా ఏడాది 1988కి ఇటు ఉండాలి; మొత్తం 18 ఇంజన్లూ వాల్తేరువే. చోటు మరీ తక్కువైతే బొబ్బిలి–సాలూరు శాఖ చాలు. అక్కడ తిరిగిన రైల్‌బస్సుకు ఒక పట్టా, ఒక ప్లాట్‌ఫాం, ఒక బండి సరిపోతాయి. రేకు కూర్చే పనే ఉండదు.