ఒక మత్తును మరో పొగతో మానుకోవచ్చునా?

కొకైన్, మెథాంఫెటమైన్ వంటి ఉత్తేజక మత్తుమందులకు బానిసలై, ఎలాగైనా బయటపడాలని తపించేవారిలో కొందరు ఒక అడ్డదారి తొక్కుతున్నారు. భ్రాంతి కలిగించే డీఎంటీ వంటి పదార్థాన్ని వేప్ పెన్నులో నింపి పీలుస్తున్నారు. ఒక్కసారి ఆ 'దర్శనం' కలిగితే పాత వ్యసనం రాలిపోతుందని వీరి ఆశ. ఇది పాశ్చాత్య దేశాల్లో మొదలైన పోకడ. మన పిల్లలు చదువుల కోసం ఎక్కడెక్కడికో వెళ్తున్నారు కనుక పెద్దలకూ దీని సంగతి తెలిసి ఉండాలి.

డీఎంటీని మింగితే పేగులు, కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని విరిచేస్తుంది, మత్తు ఎక్కదు. అమెజాన్ అడవుల ప్రజలు ఆ ఎంజైమును అడ్డుకునే తీగతో కలిపి కాచి తాగుతారు. ఆవిరిగా పీల్చినప్పుడు ఆ అడ్డు ఉండదు. ఊపిరితిత్తుల నుంచి నేరుగా మెదడుకు చేరి క్షణాల్లో పట్టేస్తుంది, పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. యునానీలో ఆవిరి పట్టే 'ఇంకిబాబ్' ఉంది కదా అని మీరు అడగవచ్చు. అది ముక్కు, గొంతుల ఉపశమనానికి; మెదడును కుదిపేందుకు కాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మెథ్ పొగ పీల్చేవాడికి పట్టిన అలవాటు ఏమిటి? గొట్టం నోట పెట్టి, పీల్చి, క్షణాల్లో ఫలితం పొందడం. వేప్ పెన్ను కూడా ఆ అలవాటునే మేపుతుంది.

మెథాంఫెటమైన్ ఒంట్లో ఒక రోజుకు పైగానే ఉంటుంది. అది నాడిని, రక్తపోటును పెంచుతుంది. డీఎంటీ కూడా పెంచుతుంది. రెండూ కలిస్తే గుండెపై భారం రెట్టింపు. పైగా రెండూ మెదడులోని సెరోటోనిన్ వ్యవస్థను కదిలిస్తాయి. ఒళ్ళు కాలిపోవడం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, మాట తడబడటం కనిపిస్తే కషాయాలతో కాలయాపన చేయకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ఉత్తేజకాలు వాడేవారిలో అనుమానాలు, లేని మాటలు వినపడటం సాధారణం. అటువంటి మనసుకు భ్రాంతి పదార్థం ఇవ్వడం నిప్పులో నెయ్యి పోయడమే.

పరిశోధనలు జరుగుతున్నమాట నిజం. అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో కొకైన్ వ్యసనపరులకు సైలోసైబిన్ ఇచ్చి చూశారు. అయితే అక్కడ ఇచ్చింది మింగే మందు. ముందు పరీక్షలు, పక్కన వైద్యులు, తరువాత మాటల చికిత్స ఉన్నాయి. జేబులోని పెన్నుకు దీనితో పోలిక లేదు.

ఆ పెన్నులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువగా దొంగచాటు గంజాయి వేప్‌లలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేటే కారణమని తేలింది. మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం 2019 నుంచే నిషిద్ధం. డీఎంటీ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది.

మరి చేయదగినది ఏమిటి? ఉత్తేజకం మానిన తొలి రోజుల్లో విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు ఉంటాయి. చావు ఆలోచనలు రావచ్చు, ఒంటరిగా వదలకండి. తరువాత నిద్ర పట్టని దశ వస్తే మనవారు దాన్ని 'సహర్' అంటారు, మెదడులో పొడితనం పెరిగిందంటారు. వేళకు భోజనం, పాలు, బాదం, తలకు నూనె మర్దన, వేళకు పడక మేలు చేస్తాయి. ఇవి తోడు మాత్రమే. ఈ వ్యసనాన్ని మాన్పే మందు యునానీలో ఉందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. నిద్ర కోసం బర్షాషా వంటి నల్లమందు కలిసిన మందులు సొంతంగా అసలే వాడవద్దు.

అల్లోపతిలోనూ దీనికి ఖాయమైన మాత్ర లేదు. మూత్ర పరీక్ష శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి, కౌన్సెలింగ్ బాగా పనిచేస్తున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. పోలీసుల భయంతో దాచే తల్లిదండ్రులు ఒకటి తెలుసుకోవాలి: కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనకు తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే, చట్టంలోని 64ఏ సెక్షన్ అతనికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కరలేదు.