నూనె తాగే ఇంజన్లు

నీలం పొగ కనిపిస్తే చాలు, మెకానిక్ నోట ‘బోరు’ మాట వస్తుంది. ఇంజన్ విప్పించే ముందు ఒక్కసారి లెక్క రాసి చూడండి

తిరుమల కొండ దిగే దారిలో పాత పెట్రోలు కారు వెనక ప్రయాణించిన వారికి ఈ దృశ్యం పరిచయమే. కారు తక్కువ గేరులో మలుపులు దిగుతుంది. దారి కాస్త చదునవగానే డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కుతాడు. సైలెన్సర్ నుంచి గుప్పున నీలం పొగ లేస్తుంది, ఆ వెంటనే సర్దుకుంటుంది. కారులో ఉన్నవారికి విషయం తెలిసేది తర్వాతి సర్వీసులోనే. ఆయిల్ గేజ్ బయటికి తీసి చూసిన మెకానిక్ పెదవి విరుస్తాడు: ‘‘ఇంజన్ బోరుకొచ్చింది సార్.’’ ఆ ఒక్క మాట ఖరీదు చిన్న కారుకైనా పదుల వేల రూపాయలు.

నిజానికి ఆ పొగ చెబుతున్నది మరొకటి కావచ్చు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి వాలు దిగుతున్నప్పుడు ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో వాక్యూమ్ బలంగా ఏర్పడుతుంది. వేడికి గట్టిపడిన వాల్వ్ సీళ్ల సందుల్లోంచి అది ఆయిల్‌ను లోపలికి లాగేస్తుంది. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే పొగ కక్కి, కాసేపటికి మానేసినా మొదట అనుమానించాల్సింది ఈ సీళ్లనే. ఇవి వేలి కొసంత రబ్బరు ముక్కలు. చాలా ఇంజన్లలో హెడ్ దించకుండానే మార్చొచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడూ, లోడు మీదా ఆగకుండా పొగ వస్తుంటే మాత్రం పిస్టన్ రింగుల సంగతి చూడాలి. (తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్, నల్ల పొగైతే ఇంధనం. అవి వేరే జబ్బులు.)

పొగ లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కారులో కొద్దిపాటి ఆయిల్ కాలినా కంటికి కనిపించకపోవచ్చు. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ మాత్రం ఆ కన్వర్టర్‌ను నెమ్మదిగా పాడుచేస్తుంటుంది. అందుకే లెక్క కావాలి. బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపిన పది నిమిషాల తర్వాత గేజ్ చూసి, పై గీత దాకా ఆయిల్ పోసి, కిలోమీటర్లు రాసుకోవాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే గీతకు చేరడానికి ఎంత పట్టిందో కొలవాలి. ఈలోగా బండి కింద చుక్కలు పడుతున్నాయేమో గమనించాలి. కారిపోయేదీ కాలిపోయేదీ ఒకటి కాదు.

ఎంత తాగితే ఎక్కువ? అమెరికాలో 2007-09 నాటి టయోటా కామ్రీల 2.4 లీటర్ల ఇంజన్ల మీద ఇదే ఫిర్యాదు వచ్చింది. 2015లో కంపెనీ వారంటీ పొడిగించి, పరీక్షలో తప్పిన కార్లకు పిస్టన్లు, రింగులు ఉచితంగా మార్చింది. ఆ పరీక్షలో గీత 1,200 మైళ్లకు ఒక క్వార్టు. మన లెక్కలో వెయ్యి కిలోమీటర్లకు సుమారు అర లీటరు. విచిత్రమేమిటంటే, కొన్ని కంపెనీల మాన్యువళ్లు అర లీటరు దాకా సహజమేనంటాయి. చిన్న కారు ఇంజన్‌లో పట్టేదే మూడు, మూడున్నర లీటర్లు. వెయ్యికి అర లీటరు చొప్పున తాగే ఇంజన్, పదివేల కిలోమీటర్ల సర్వీసు రాకముందే ఎండిపోతుంది. ఎర్ర దీపం వెలుగుతుందిలే అనే ధీమా పనికిరాదు. చాలా కార్లలో అది చూపేది ఆయిల్ ప్రెషర్‌నే, మట్టాన్ని కాదు. అది వెలిగేసరికి బేరింగులకు దెబ్బ తగిలి ఉండొచ్చు.

లెక్క తేలాక మొదట చూడాల్సింది పీసీవీ వాల్వ్. ఇంజన్ అడుగున చేరే ఆవిరిని బయటికి పంపే ఈ చిన్న భాగం పూడుకుపోతే ఆయిల్ తప్పు దారి పడుతుంది. టర్బో ఉన్న బండ్లలో టర్బో సీళ్లనూ చూడాలి. ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ప్రెషర్ తక్కువ చూపిన సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, ప్రెషర్ పెరిగితే లోపం రింగుల్లో ఉన్నట్టు, పెరగకపోతే వాల్వుల వైపు. ఈ పరీక్ష చేయకుండానే ‘బోరు’ అనే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోవడమే మేలు.

చిక్కటి ఆయిల్ వైద్యం మరో తంతు. 5డబ్ల్యూ-30 పోయాల్సిన చోట 20డబ్ల్యూ-50 పోస్తే ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు అది పై భాగాలకు ఆలస్యంగా చేరుతుంది. పాత కార్లు అమ్మేవారు కొందరు పొగ దాచేది కూడా దీంతోనే. కొనేవారు ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి చూడాలి. ఆ తర్వాత ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ నుంచి పొగ తన్నుకొస్తుందేమో గమనించాలి. మెకానిక్‌ల భాషలో అది బ్యాక్ కంప్రెషన్.

రింగులే పోయాయని తేలినా వెంటనే ఇంజన్ విప్పి తీరాలని లేదు. కారు ధరలో సగం రిపేరుకే అయితే, ప్లగ్గులు మసిబారనంత కాలం, పొల్యూషన్ పరీక్ష గట్టెక్కినంత కాలం ఆయిల్ పోస్తూ నడుపుకోవడం తెలివితక్కువేమీ కాదు. డిక్కీలో ఒక లీటరు డబ్బా ఉండాలి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ గేజ్ తీసి చూడాలి.