గుప్పెడు పిండి... బోలెడు బొమ్మలు

కొట్లో చిన్న చిన్న డబ్బాల్లో అమ్మే రంగుల ముద్దను మీ వంటింట్లోనే పావుగంటలో తయారు చేసుకోవచ్చు. మైదా, ఉప్పు, నీళ్లు, చెంచాడు నూనె, ఓ నిమ్మకాయ... ఇవుంటే చాలు. కాకపోతే ఇంటింటా మిరపకాయలుండే మన ప్రాంతంలో కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి.

సాయంత్రం ఏడు గంటలు. అమ్మ చపాతీ పిండి కలుపుతోంది. అప్పటిదాకా టీవీ ముందు కూర్చున్న బుడ్డోడు మెల్లగా వచ్చి కొంగు పట్టుకున్నాడు. 'అమ్మా... నాకో ముద్ద!' ఇచ్చేదాకా వదలడు. ఇచ్చిందా, ఇక అరగంటపాటు వాడి ఊసే వినపడదు. ఆ ముద్ద కాసేపు పాము అవుతుంది. పామును చుట్టచుడితే జిలేబీ. జిలేబీని అరచేత్తో నొక్కితే అప్పడం. చివరికి మట్టికొట్టుకుపోయి నల్లగా తయారయ్యాక గానీ వాడు దాన్ని వదలడు.

పిల్లల సంబరం అందరికీ తెలిసిందే. కానీ ఆ ముద్దతో చిన్న చేతులు ఎంత పని నేర్చుకుంటాయో చాలామంది గమనించరు.

రేగడి నేర్పిన పాఠం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టి ఇప్పుడు యాభై దాటినవాళ్లను కదిపి చూడండి. వాళ్ల చిన్నప్పటి ఆటబొమ్మలు ఏ కొట్టు నుంచీ వచ్చినవి కావు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల అని కొత్త పేర్లు వచ్చాయిగానీ నేల మారలేదుగా! చిలకలూరిపేట నుంచి పర్చూరు, ఇంకొల్లు దాకా అదే నల్లరేగడి. వాన పడితే చాలు, కాలికి చెప్పులా అంటుకునే ఆ జిగురు మట్టే పిల్లలకు పెద్ద బొమ్మల కొట్టు. ఎడ్లు, బండి, రోలు, రోకలి, పొయ్యి, దాని మీద చట్టి... ఒకటా రెండా! ఎద్దు కొమ్ములకు తుమ్మముళ్లు, బండికి చీపురుపుల్లలు.

అయితే రేగడితో ఓ చిక్కుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో పొలాలు నెర్రెలు విచ్చేది అందుకే. బొమ్మా అంతే, తెల్లారేసరికి ఎద్దు మెడ విరిగేది. 'కాస్త ఇసకో, బూడిదో కలపరా' అని పెద్దవాళ్లు చెప్పేవారు. అలా ఏది ఎంత కలిపితే బొమ్మ నిలుస్తుందో ఏ పుస్తకమూ లేకుండానే పిల్లలకు తెలిసిపోయేది.

ఇప్పుడు ఆ మట్టి పిల్లలకు అందడం లేదు. ఊళ్లలో వీధులన్నీ సిమెంటు రోడ్లయ్యాయి. పట్నాల్లో అపార్ట్‌మెంట్లొచ్చాయి. ఇక పొలం మట్టి తెచ్చిద్దామా అంటే పత్తికీ, మిరపకీ కొట్టే మందుల సంగతి మనకు తెలియనిది కాదు. పురుగుమందు పడిన చేలో మట్టిని, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లాడికి ఎలా ఇస్తాం? అందుకే ఆ ఆటను మళ్లీ పిల్లల చేతికివ్వడానికి మనకు మిగిలిన దారి వంటిల్లే.

గోడలు తుడిచే పిండి... ఆటబొమ్మయింది!

ఇప్పుడు ప్రపంచమంతా పిల్లలు ఆడుకుంటున్న 'ప్లే-డో' ముద్ద మొదట పిల్లల కోసం పుట్టిందే కాదు. అమెరికాలోని సిన్సినాటిలో ఓ సబ్బుల కంపెనీ 1930ల్లో దాన్ని గోడ కాగితాలు తుడవడానికి తయారు చేసింది. అప్పట్లో అక్కడ చలికాలం ఇళ్లలో బొగ్గు కాల్చేవారు. ఆ మసి గోడలకు అంటించిన కాగితాలను పట్టేది. నీళ్లతో కడిగితే కాగితం పాడవుతుంది కాబట్టి ఈ మెత్తటి ముద్దతో అద్ది మసి తీసేవారు. తర్వాత ఇళ్లలోకి గ్యాస్ వచ్చింది. నీళ్లతో తుడుచుకోగల వినైల్ కాగితాలొచ్చాయి. కంపెనీ సరుకు అడిగేవాళ్లు కరవయ్యారు. ఆ సమయంలో యజమానుల బంధువైన కే జుఫాల్ అనే నర్సరీ టీచర్ ఆ ముద్దను తన బడిలో పిల్లలకిచ్చి చూసింది. వాళ్లు వదిలితే ఒట్టు! అలా 1956లో అది ఆటవస్తువుగా బజార్లోకి వచ్చింది.

ఇంతా చేసి ఆ ముద్దలో ముఖ్యమైనవి పిండి, ఉప్పు, నీళ్లే. అవి మన వంటింట్లో లేనివా?

ఇలా చేయండి

కావలసినవి: మైదా ఒక గ్లాసు, మెత్తటి ఉప్పు అర గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు, నూనె ఒక పెద్ద చెంచా, నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు. అన్నిటికీ ఒకే గ్లాసు వాడాలి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో మైదా, ఉప్పు కలపండి. నీళ్లు, నూనె, నిమ్మరసం పోసి ఉండలు లేకుండా దోసెల పిండిలా కలియబెట్టండి. అప్పుడు సన్నటి సెగ మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పండి. మొదట పల్చగా ఉన్నది నాలుగైదు నిమిషాల్లో చిక్కబడి, గిన్నె అంచులు వదిలి ముద్దవుతుంది. వెంటనే దించేయండి. పళ్లెంలో వేసి, చెయ్యి పట్టేంత చల్లారాక అరచేతికి నూనె రాసుకుని అయిదు నిమిషాలు బాగా మర్దించండి. అంతే! అంటుకుంటుంటే చెంచాడు మైదా చల్లుకోండి. పగుళ్లు వస్తుంటే నాలుగు చుక్కల గోరువెచ్చని నీళ్లు చిలకరించండి. ముద్ద లోపల చాలాసేపు వేడిగా ఉంటుంది కాబట్టి పూర్తిగా చల్లారాకే పిల్లలకివ్వాలి.

దేని పని దానిది. వేడికి పిండి ఉడికి నీళ్లు పీల్చుకోవడం వల్ల ముద్ద మెత్తబడుతుంది. నూనె చేతికి అంటకుండా చూస్తుంది. ఉప్పు, నిమ్మరసం కలిసి త్వరగా పాడవకుండా కాపాడతాయి. బయటి దేశాల్లో నిమ్మరసం బదులు 'క్రీమ్ ఆఫ్ టార్టార్' వేస్తారు. అది ద్రాక్షసారా చేసేటప్పుడు పీపాల అడుగున పేరుకునే పులుపు. మన చింతపండులోని పులుపూ ఆ కోవలోదే. చింతపులుసు పోస్తే ముద్ద నల్లబడుతుంది గనక మనకు నిమ్మకాయే మేలు.

ఉప్పు విషయంలో ఓ మాట. చినగంజాం కొఠార్ల నుంచి వచ్చే రాళ్లుప్పు అలాగే వేస్తే ముద్ద గరగరలాడుతుంది. గ్లాసు నీళ్లు అర గ్లాసు ఉప్పును పూర్తిగా కరిగించుకోలేవు మరి. మెత్తగా పొడిచేసుకుని వేసుకోండి.

గోధుమ పడని పిల్లలుంటే దిగులక్కర్లేదు. మన అమ్మమ్మలకు తెలిసిన ఉండ్రాళ్ల పద్ధతి ఉండనే ఉంది. మరిగే నీళ్లలో బియ్యప్పిండి పోసి కలిపి మూతపెట్టి, చల్లారాక చెంచాడు నూనెతో మర్దిస్తే సరి. గోధుమ పిండిలా సాగదు గానీ ఉండలు, పళ్లేలు, చిట్టి పాత్రలు చక్కగా వస్తాయి. చేగోడీలు చుట్టినట్టే దీన్నీ చుట్టుకోవచ్చు.

ఎరుపు కోసం కారం డబ్బా తీయొద్దు!

రంగులకూ బజారుకు వెళ్లక్కర్లేదు. చిటికెడు పసుపు వేస్తే బంతిపూల రంగు. మన దుగ్గిరాల పసుపుకి రంగు తక్కువా? కాకపోతే బట్టలకూ, గోడలకూ అంటితే వదలదు. బీట్‌రూట్ తురిమి పిండిన రసం గులాబీ రంగునిస్తుంది. పాలకూర రసం ఆకుపచ్చ. కాఫీపొడి డికాషన్ మట్టి రంగు. కూరగాయల రసాలు నీళ్లకు బదులుగా పోయాలి తప్ప అదనంగా పోయకూడదు. ఆ ముద్దలను ఫ్రిజ్‌లో పెట్టుకుని మూడు నాలుగు రోజుల్లో వాడేసుకోవాలి. కుంకుమ, హోలీ రంగులు, ముగ్గు రంగుల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో ఏం కలుపుతారో మనకు తెలియదు.

ఇక గుంటూరు సీమలో ఎరుపు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది కారమే. పొరపాటున కూడా వేయొద్దు. వేయకపోయినా అది వచ్చి చేరే దారులు మూడున్నాయి.

మొదటిది మన చేతులు. సంక్రాంతి దాటిందంటే కల్లాల్లో మిరప ఎండుతుంటుంది. తొడిమలు తీసే పనికి వెళ్లే అమ్మలెందరో! రాత్రికి కూడా చేతులు భగ్గుమంటూనే ఉంటాయి. నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట పోదు. ఎందుకంటే మిరపలో ఘాటునిచ్చే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని ముందు చేతులకు నూనె పట్టించి, తర్వాత సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. ఒకటికి రెండుసార్లు అలా చేశాకే పిండి ముట్టుకోవాలి. లేదంటే ఆ ఘాటు ముద్దలోని నూనెకు పట్టుకుంటుంది. ఆ చేత్తో పిల్లాడు కన్ను నులుముకుంటే ఇంకేమన్నా ఉందా!

రెండోది మిక్సీ జారు. కారం పట్టిన జారులో ఉప్పు పొడి చేయొద్దు. మూడోది జంతికల గొట్టం. పిల్లలకు దానితో ఆడటం మహా సరదా గానీ కిందటిసారి కారం కలిపిన పిండి అందులో ఏ మూలో ఉండే ఉంటుంది. ముందు శుభ్రంగా తోమాకే ఇవ్వండి. అన్నీ చూసుకున్నా కళ్లు మండాయంటే నలపనివ్వకుండా మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆడేందుకే... తినేందుకు కాదు

ఈ ముద్దలో ఉన్నదంతా వంటింటి సరుకే కదా, తింటే ఏమవుతుందిలే అనుకోవద్దు. అర గ్లాసు ఉప్పంటే చిన్న విషయం కాదు. గోరంత నోట్లో పెట్టుకుంటే ఉప్పదనానికి వాళ్లే ఉమ్మేస్తారు. పెద్ద ముద్దే మింగితే మాత్రం ఒంట్లో ఉప్పు ఒక్కసారిగా పెరిగి ప్రమాదం. వాంతులు, విపరీతమైన దాహం, మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పాత వైద్యం అసలే వద్దు. పెంపుడు కుక్క ఉంటే దానికీ అందకుండా చూసుకోండి, కుక్కలకు ఈ ఉప్పు పిండి చాలా చేటు.

అన్నీ నోట్లో పెట్టుకునే పసివాళ్లకు ఉప్పు లేని చపాతీ పిండో, బియ్యప్పిండి ముద్దో ఇవ్వండి. అదీ పెద్దవాళ్లు పక్కనుండగానే. ఆ పూటకు ఆడుకున్నాక పారేయండి. వేళ్ల మీద పుండ్లు, గజ్జి ఉంటే ఉప్పు ముద్ద మంట పుట్టిస్తుంది. అవి మానేదాకా ఆగడం మంచిది.

ఆట అయ్యాక ఉప్పు ముద్దను గాలి చొరని డబ్బాలో పెడితే కొన్ని వారాలు నిల్వ ఉంటుంది. వానాకాలంలో ఉప్పు తేమ లాగి జిగటవుతుంది, రోహిణి కార్తెలో గట్టిపడుతుంది. వాసన వచ్చినా, బూజు కనిపించినా వెంటనే పారేయాలి. రైతుల ఇళ్లలో ఇంకో జాగ్రత్త. మందు డబ్బాలు ఎంత కడిగినా సరే, పిల్లల వస్తువులు దాచడానికి వాడకూడదు.

వేళ్లకు బలం... అక్షరానికి దారి

మూడేళ్లు నిండాయో లేదో పలక చేతికిచ్చి 'అ ఆ'లు దిద్దమంటాం. వంకరగా రాస్తే కోప్పడతాం. తప్పు పిల్లాడిది కాదు. పెన్సిలు పట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పనిచేయాలి. వాటికి ముందు బలం రావాలి. ముద్దను పిసకడం, గిల్లడం, ఉండ చేయడం, తాడులా పేనడం... ఇవన్నీ ఆ వేళ్లకు వ్యాయామమే. సెల్‌ఫోన్ తెర మీద వేలు జరిపితే ఈ బలం రాదు.

అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించడం మన ఇళ్లలో ఉన్నదే. ఆ వరసలోనే ముద్దతోనూ అక్షరాలు చేయించవచ్చు. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రటివి, పేనిన తాడు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ముందు సున్న చేయించండి. తర్వాత 'ర', 'గ'. చేత్తో చేసిన అక్షరం కంటితో చూసినదానికన్నా బాగా గుర్తుండిపోతుంది. చపాతీ కర్ర, కజ్జికాయల చెక్క, పాత దువ్వెన ఇస్తే వాళ్లే కొత్త ఆటలు కనిపెడతారు. మూడేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం సీసా మూతలు, గింజల్లాంటి చిన్నచిన్న వస్తువులు ఇవ్వకూడదు, గొంతులో పడే ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లు చేయాల్సింది ఒకటే... పక్కన కూర్చోవడం. 'ఇది ఏనుగా? ఏనుగు ఇలా ఉంటుందా?' అని దిద్దకండి. 'ఏం చేశావో చెప్పు నాన్నా' అనండి చాలు. కథ వాళ్లే చెబుతారు.

సంస్కృతంలో శూద్రకుడు రాసిన 'మృచ్ఛకటికం' నాటకానికి పేరు తెచ్చింది ఓ మట్టిబండే. పక్కింటి పిల్లాడి బంగారు బండి చూశాక చారుదత్తుడి కొడుకు తన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. ఇప్పుడు మన పిల్లలూ కొట్లో డబ్బా చూసి అలాగే మారాం చేస్తారు. అయితే బండి కొనిస్తే పిల్లాడు తోసుకుంటూ పోతాడంతే. ముద్ద చేతికిస్తే బండిని తానే చేసుకుంటాడు.

ఈ ఆదివారం చపాతీలు ఒత్తడం అయ్యాక మరో గ్లాసు మైదా పక్కన పెట్టండి. మీవాడితో ఓ ఒంగోలు గిత్తను చేయించండి. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు, కళ్లకు మీరే అద్దిపెట్టిన రెండు ఆవగింజలు. తెల్లటి గిత్తే కాబట్టి రంగు కూడా అక్కర్లేదు. తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం మరచిపోకండి. మూపురం ఎక్కడ పెట్టాలో ఆయన వేళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది!