సలాం చెప్పడానికి మెడ తిరగనప్పుడు

ఫజ్ర్ నమాజు ముగింపులో సలాం చెప్పడానికి కుడివైపు తల తిప్పబోయి మధ్యలోనే ఆగిపోయాము. మెడ కదలలేదు. కాస్త బలవంతం చేస్తే నొప్పి భుజం దాకా పాకింది. రాత్రి తలగడ సరిగా లేదేమోనని ఆ రోజుకు ఊరుకున్నాము. మూడు వారాలు గడిచినా పట్టు వదలలేదు. ఒకరోజు రోడ్డు దాటుతూ, పక్కనుంచి వస్తున్న ఆటోను తల తిప్పి చూడలేక దాదాపు దాని కింద పడబోయాము. ఇక ఉపేక్షించరాదని ఆనాడే తెలిసింది.

అప్పటికే ఇంట్లో తలా ఒక సలహా చెప్పి ఉన్నారు. నొప్పి మాత్రలు మింగాము, పట్టీ కట్టుకున్నాము. మాత్ర పనిచేసినంతసేపే ఉపశమనం. చివరికి వైద్యుని వద్దకు వెళితే, ఆయన మందు రాయడానికి ముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: “రోజూ తల వంచుకొని ఎన్ని గంటలు పనిచేస్తారు?” లెక్కవేస్తే ఆరు గంటలు దాటింది. మా వ్యాధికి మూలం ఆ లెక్కలోనే ఉంది.

భారమంతా మెడ మీదే

మన తల బరువు సుమారు 5 కిలోలు. దానిని మోసేవి 7 చిన్న ఎముకలు, వాటిని పట్టి ఉంచే కండరాలు. తల నిటారుగా ఉన్నప్పుడు ఈ భారం తేలికగానే ఉంటుంది. ముందుకు వంచినకొద్దీ కండరాలు మరింత బలంగా లాగి పట్టుకోవలసి వస్తుంది. అమెరికాకు చెందిన వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం, తలను 60 డిగ్రీలు వంచితే మెడపై పడే ఒత్తిడి సుమారు 27 కిలోలు.

మన ఇళ్లలో ఈ భారం మోయనివారు అరుదు. మగ్గం పని చేసే చెల్లెళ్లు, కుట్టుమిషను ముందు కూర్చునే తల్లులు, బీడీలు చుట్టే అక్కలు, రెహల్ మీదికి వంగి ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లలు, అర్ధరాత్రి దాకా ఫోను చూసే యువకులు, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని వంట చేసే గృహిణులు అందరూ ఈ భారం మోసేవారే. పనిని విడిచిపెట్టలేము. పనిచేసే తీరును మాత్రం మార్చుకోగలము.

ఇంట్లో చేసుకోదగినవి

పని ఎత్తును పెంచాలి. రెహల్‌ను చిన్న పీట మీద పెడితే పిల్లల తల అంతగా వంగదు. ఫోనును కంటి ఎత్తుకు తెచ్చుకోవాలి. ప్రతి అరగంటకు ఒకసారి లేచి, రెండు నిమిషాలు భుజాలు కదిలించాలి.

వేడి కాపడం మేలు చేస్తుంది. వేడినీటిలో ముంచి పిండిన తువాలును 15 నిమిషాలు మెడ మీద ఉంచాలి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు వేడిని ఇతరుల చేత పరీక్షింపజేసుకోవాలి.

మెడను పూర్తిగా కదలనీయకుండా ఉంచడం పొరపాటు. నెమ్మదిగా కుడికీ ఎడమకూ తిప్పాలి. చెవిని భుజంవైపు వంచాలి. గడ్డాన్ని వెనుకకు లాగి 5 సెకన్లు నిలపాలి. ఒక్కొక్కటి 5 సార్లు, రోజుకు రెండు మూడు పర్యాయాలు చాలు. నొప్పి పెరిగితే అక్కడే ఆగాలి.

బోర్లా పడుకోరాదు. తలగడ మెడను వెన్నుకు సమంగా ఉంచే ఎత్తులో ఉండాలి. రెండు మూడు తలగడలు పేర్చుకోవడం మంచిది కాదు.

చేయరానివి

క్షౌరం ముగిశాక మెడను పట్టుకొని టక్కున విరిపించుకోవడం కొందరికి అలవాటు. మెదడుకు రక్తం చేర్చే నాళాలు మెడ ఎముకల గుండా పోతాయి. ఆ కుదుపుకు అవి చిరిగితే పక్షవాతం వచ్చే ప్రమాదముంది. మెడపట్టీని వారాల తరబడి ధరిస్తే కండరాలు బలహీనమవుతాయి. నొప్పి మాత్రలను సొంతంగా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. హిజామా చేయించుకోదలచినవారు శిక్షణ పొంది, ప్రతిసారీ కొత్త బ్లేడు, శుభ్రమైన కప్పులు వాడేవారినే ఆశ్రయించాలి. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు ముందుగా వైద్యుని అడగాలి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులతోపాటు మెడ బిగిస్తే అది మెదడు పొరల వాపు కావచ్చు. తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మెడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు ఉంటే గుండెను అనుమానించాలి. చేతులు తిమ్మిరెక్కడం, పట్టుకున్న వస్తువు జారిపోవడం, నడక తడబడటం, మూత్రంపై అదుపు తప్పడం వెన్నుపాముపై ఒత్తిడికి సూచనలు కావచ్చు. పడిపోయిన తరువాత లేదా ప్రమాదంలో మెడకు దెబ్బ తగిలితే రోగిని కదిలించకుండా సహాయం పిలవాలి. ఇవేవీ లేకున్నా, కొన్ని వారాల్లో తగ్గని నొప్పిని వైద్యునికి చూపించాలి.

నమాజు సంగతి

రుకూ, సజ్దా చేస్తే నొప్పి తీవ్రమవుతోందని కుమిలిపోయే పెద్దలు ఉన్నారు. ధర్మం వారిపై కష్టం మోపలేదు. వ్యాధిగ్రస్తుడైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (సల్లం), నిలబడలేకపోతే కూర్చొని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని అనుమతించారు. సజ్దా చేయలేనివారు సైగతో నెరవేర్చవచ్చు. చికిత్స చేయించుకోవడం కూడా ఆయన ఉపదేశమే. అనుమతిని వినియోగించుకుంటూ చికిత్స కొనసాగించడమే వివేకం.

మేము రాసుకునే బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నాము. గంట మోగినట్టుగా అరగంటకోసారి ఇంట్లో చిన్నవాడు వచ్చి, “లేవండి అబ్బా!” అని గుర్తుచేసేవాడు. దాదాపు నెల తరువాత ఒక ఫజ్ర్‌లో కుడివైపు, ఎడమవైపు నొప్పి లేకుండా సలాం చెప్పగలిగాము. రోజుకు ఎన్నోసార్లు చేసే ఆ చిన్న కదలికలో ఇంత గొప్ప అనుగ్రహం ఉందని అంతకుముందు మేము ఎన్నడూ తలచలేదు. అల్‌హమ్దులిల్లాహ్.