తెల్లపులి దగ్గర పిల్లలు అడిగే ప్రశ్న



సెలవులొస్తే వికారాబాద్, తాండూరు నుంచి ఎన్నో కుటుంబాలు రైలెక్కి హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుకు వెళ్తుంటాయి. అక్కడ పిల్లలు తెల్లపులి ముందు నిలబడితే ఒక పట్టాన కదలరు. “ఇంత బాగుంది కదా, ఇలాంటివి ఇంకా ఎక్కువ ఎందుకు పెంచరు?” అని అడిగితే ఏం చెప్పాలి?

తెల్లపులి వేరే జాతి కాదు, బెంగాల్ పులే. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా తెలుపు జన్యువు అందితేనే కూన తెల్లగా పుడుతుంది. అడవిలో ఇది చాలా అరుదు. 1951లో రీవా మహారాజు మార్తాండ్ సింగ్‌కు ఒక తెల్లపులి కూన దొరికింది. దానికి మోహన్ అని పేరు పెట్టారు. మామూలు రంగు ఆడపులితో జత చేస్తే ఒక్క తెల్లకూనా పుట్టలేదు. తర్వాత మోహన్‌ను దాని కూతురు రాధతోనే జత చేశారు. 1958లో తెల్లకూనలు పుట్టాయి. నేటి జూలలోని తెల్లపులుల్లో చాలావరకు ఆ మోహన్ సంతతే.

ఇక్కడే చిక్కు ఉంది. దగ్గరి బంధువులకు పుట్టిన పిల్లల్లో, అప్పటిదాకా దాగి ఉన్న లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ. కూనలు బలహీనంగా పుట్టవచ్చు, చిన్నప్పుడే చనిపోవచ్చు.

మన గొర్రెల కాపరులకు ఇది కొత్త విషయం కాదు. మందలో పుట్టిన పొట్టేలునే ఏళ్ల తరబడి వాడకుండా, వేరే మంద నుంచి తెచ్చుకుంటారు. జూలు కూడా అదే పద్ధతి పాటిస్తాయి. ఏ జంతువు ఎప్పుడు పుట్టింది, తల్లి ఏది, తండ్రి ఏది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నీ స్టడ్‌బుక్ అనే వంశావళి పుస్తకంలో రాస్తారు. దాన్ని చూసి బంధుత్వం తక్కువగా ఉన్న జంటను ఎంచుతారు. అవసరమైతే కేంద్ర జూ అథారిటీ అనుమతితో మరో జూతో జంతువులను మార్చుకుంటారు.

సింహాల విషయంలో సమస్య మరోలా వచ్చింది. సర్కస్‌లలో గిర్ సింహాలను, ఆఫ్రికా సింహాలను కలిపి పెంచడంతో సంకర సింహాలు పుట్టాయి. అలాంటి వాటికి విశాఖ, తిరుపతి జూల దగ్గర పునరావాస కేంద్రాల్లో చోటిచ్చారు. గిర్ సింహాల వంశం కలుషితం కాకుండా, వాటికి పిల్లలు పుట్టకుండా చూశారు.

కాబట్టి జూలో కూన పుట్టిందన్న వార్త వింటే సంతోషిద్దాం. దాని తల్లిదండ్రులెవరో కూడా తెలుసుకుందాం.

ఇంట్లో చేయించండి: తాతమ్మలు, ముత్తాతల పేర్లు అడిగి మీ పిల్లల చేత మూడు తరాల వంశవృక్షం గీయించండి. అదే మీ ఇంటి స్టడ్‌బుక్!