పచ్చసొనలో తల్లి కాపుదల

గుడ్డు పగిలింది. కోడిపిల్ల బయటికి వచ్చింది. ఇంకా లోకం చూడనే లేదు. అయినా మొదటి రోజుల్లో కొన్ని రోగాల్ని తట్టుకుంటుంది. ఆ బలం దానికి ఎక్కడిది?

ఆవు ఈనగానే దూడకు ముర్రుపాలు తాగిస్తారు. తల్లి బలం ఆ పాలతో దూడకు వస్తుంది. కోడికి పాలు లేవు కదా! అందుకే తన బలాన్ని ముందుగానే పచ్చసొనలో దాచిపెడుతుంది.

ఆ బలాన్నే యాంటీబాడీలు అంటారు. రోగక్రిమి ఒంట్లోకి వస్తే దాన్ని పట్టుకునే పదార్థాలు ఇవి. తాళానికి తగ్గ తాళంచెవి ఉన్నట్టే, ఒక్కో క్రిమికి ఒక్కో రకం ఉంటుంది. కొక్కెర రోగానికి టీకా వేసిన కోడి గుడ్డులో ఆ రోగాన్ని పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి.

1893లో ఫెలిక్స్ క్లెంపరర్ అనే జర్మనీ డాక్టరు ఈ సంగతి చూపించాడు. ధనుర్వాతాన్ని తట్టుకునే బలం కోడి నుంచి పచ్చసొనలోకి వెళ్తుందని తేల్చాడు. తర్వాత చాలా ఏళ్లు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మామూలుగా యాంటీబాడీల కోసం గుర్రాలు, కుందేళ్లు, మేకల రక్తం తీస్తారు. పాముకాటు మందు మన దేశంలో గుర్రం రక్తం నుంచే వస్తుంది. కోడికి ఆ బాధ తక్కువ. చంపిన క్రిమిని గానీ, క్రిమిలో ఒక ముక్కను గానీ కోడి రొమ్ము కండలోకి సూదితో ఎక్కిస్తారు. కొన్ని వారాలు ఆగి మళ్లీ ఎక్కిస్తారు. ఆ తర్వాత రక్తం తీయక్కర్లేదు. గుడ్లు ఏరుకుంటే చాలు. ఒక్క పచ్చసొనలో 50 నుంచి 100 మిల్లీగ్రాముల యాంటీబాడీలు దొరుకుతాయి. కావలసిన రకం మాత్రం అందులో కొద్ది పాలే.

తెల్లసొన తీసేస్తారు. పచ్చసొనను నీళ్లలో కలిపి కొవ్వును వేరు చేస్తారు. మిగిలిన నీటిలోంచి యాంటీబాడీలు తీస్తారు. గడ్డకట్టని చల్లదనంలో, అంటే 4 డిగ్రీల దగ్గర, శుభ్రంగా ఉంచితే నెలల తరబడి చెడవు. మాటిమాటికీ గడ్డకట్టించి కరిగిస్తే పాడవుతాయి. బాగా వేడి చేసినా పాడవుతాయి.

రోగం ఉందో లేదో తేల్చే పరీక్షల్లో ఇవి బాగా పనికొస్తాయి. కోడి మనిషికి చాలా దూరపు చుట్టం. మనిషి ఒంటి పదార్థాల్లో కుందేలుకు తనవాటిలాగే కనిపించేవి కొన్ని ఉంటాయి. కోడి వాటిని పరాయివని ఇట్టే గుర్తుపడుతుంది.

వైద్యంలో మాత్రం ఇంకా గట్టిగా నిలబడలేదు. పుట్టుకతో వచ్చే ఒక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు స్వీడన్‌లో ఇవి ఇచ్చారు. రోజూ రాత్రి పుక్కిలించి మింగేవారు. మొదట మేలు కనిపించింది. తర్వాత ఐరోపాలో ఎక్కువమందికి ఇచ్చి చూస్తే, ఉత్తి మందుకూ దీనికీ తేడా తేలలేదు.

మరి ఇంట్లో గుడ్డు పచ్చిగా తాగితే రోగాలు పోతాయా? పోవు. ఆ కోడికి మన రోగం సంగతి ఎవరూ నేర్పలేదు. నేర్పినా, కడుపులోని పులుపుకి యాంటీబాడీలు చాలావరకు చెడిపోతాయి. పైగా పచ్చిగుడ్డులో విరేచనాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు.